తోటగది పక్కన సతత హరిత పూల పొదలు

తోటలో కట్టిన చిన్న కట్టడాల గోడల వెంబడి, ఏడాది పొడవునా ఆకు నిలుపుకొని పూసే పొదలను పెంచడం ఇళ్ళ పెరళ్ళలో, పొలాల్లో, ఫాం హౌసుల్లో అందరికీ తెలిసిన పద్ధతే. కట్టడం అంటే ఇక్కడ పనిముట్ల గది, బోరు దగ్గరి పంపు షెడ్డు, పశువుల కొట్టం, పెరట్లో స్నానాల గది, తోట మధ్య కూర్చోడానికి వేసుకునే మండపం, ఈమధ్య ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారు కట్టించుకుంటున్న ఒంటి గది. వీటిలో చాలావాటికి సిమెంటు రేకులు, పూత లేని ఇటుక గోడలు, నీళ్ళ ట్యాంకు, బయటికి వేలాడే పైపులు ఉంటాయి. పొద వాటిని కంటికి కనబడకుండా చేస్తుంది, గోడకు నీడ పడుతుంది, దుమ్ము ఆపుతుంది, పొద్దున్నే పూజకు పూలిస్తుంది. ఇన్ని పనులు చేయాల్సిన మొక్కను నర్సరీలో పువ్వు రంగు చూసి ఎంచుకోవడమే అసలు ఇబ్బంది. గోడ పక్కన నాటిన పొద బతికి కూడా పూయకపోవడానికీ, కిటికీని మూసేసి ఏటా నరికించుకోవడానికీ మూలం సాధారణంగా అక్కడే ఉంటుంది. ముందు గోడను, దాని పక్క నేలను, దాని మీద పడే ఎండను చూసి ఆ తర్వాత మొక్క పేరు ఆలోచించాలి.

ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదాన ప్రాంతాలకు, తీరానికి వర్తిస్తుంది. ఇక్కడ సతత హరితం అనే మాటకు ఒక షరతు ఉంది. ఈ పొదలు ఆకులను ఒక్కసారిగా రాల్చవు. పాతవి కొన్ని రాలుతుంటే కొత్తవి వస్తుంటాయి. కానీ మే నెలలో నీరు అందకపోతే వీటిలో కొన్ని సగం బోడిగా మారతాయి. పారిజాతం, దేవగన్నేరు మనవాళ్ళకు ఎంత ఇష్టమైనా ఈ కోవలోకి రావు. దేవగన్నేరు చలికాలంలో మోడుగా నిలుస్తుంది, పారిజాతం ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చేస్తుంది. గోడను కప్పడానికి నాటిన మొక్క ఏడాదిలో రెండు మూడు నెలలు గోడనే చూపిస్తే నాటిన ప్రయోజనం నెరవేరదు.

గోడ పక్క నేల

కట్టుబడి పని ముగిశాక మిగిలినదంతా గోడ పక్కనే పడుతుంది: పూత పెచ్చులు, విరిగిన ఇటుకలు, టైల్సు ముక్కలు, సిమెంటు మాలు కలిపిన చోట గట్టిపడ్డ పెళ్ళ. దాని మీద నాలుగు తట్టల ఎర్రమట్టి పోసి చదును చేస్తారు. పైకి మంచి నేలలా కనిపిస్తుంది, గునపం దించితే జానెడు లోతులోనే ఠంగుమంటుంది. సిమెంటు, సున్నం కలిసిన ఆ నేలలో క్షారగుణం ఎక్కువ. పండగ ముందు ఏటా గోడకు సున్నం కొట్టే అలవాటున్న చోట పైనుంచి రాలేది కూడా తోడవుతుంది. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్ళు కూడా కఠినజలమే కాబట్టి, నీళ్ళు పెట్టేకొద్దీ నేల మరింత క్షారం వైపు జరుగుతుంది. మట్టిలో సున్నం ఉందా లేదా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గోడ మొదట్లో అడుగు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి దాని మీద కొంచెం వెనిగర్ పోస్తే, సున్నం ఉంటే బుడగలు వస్తాయి. బుడగలు గట్టిగా వస్తే ఆ చోటు నూరువరహాలకూ గంధరాజానికీ పనికిరాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

నేల క్షారమైనప్పుడు అందులో ఇనుము ఉన్నా వేళ్ళు తీసుకోలేవు. ఆ లోపం నూరువరహాల మీద బాగా కనిపిస్తుంది. చిగురాకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం సన్నని పచ్చగీతలుగా మిగులుతాయి, ముదురాకులు మామూలుగానే ఉంటాయి. లోపం ముదిరితే చిగురు తెల్లబారి అంచులు మాడతాయి, పూగుత్తులు చిన్నబోతాయి. నత్రజని లోపంలో ముందు పసుపు తిరిగేవి అడుగు ఆకులు. ఈ తేడా గమనించకుండా యూరియా వేస్తే ఫలితం ఉండదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు ఆకుల మీద పిచికారీ చేస్తే రంగు తిరిగి వస్తుంది. అయితే అది ఆ విడత చిగురుకు మాత్రమే చేసే వైద్యం. గోడ పక్క మట్టి మార్చకపోతే తర్వాతి చిగురు మళ్ళీ పసుపుగానే వస్తుంది. ఏసీ ఉన్న తోటగదికి ఈ విషయంలో ఒక సదుపాయం ఉంది. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ నీటిని బకెట్లో పట్టి నూరువరహాల పాదులో పోస్తే బోరు నీటి కంటే ఎంతో మేలు. అంట్లు తోమిన, బట్టలు ఉతికిన నీళ్ళను మాత్రం ఈ మొక్కలకు మళ్ళించకూడదు, సబ్బులోని సోడియం నేలను మరింత పాడు చేస్తుంది.

నీటి సంగతి కూడా గోడ దగ్గర వేరుగా ఉంటుంది. చూరు కింద వాన పడదు, చూరు అంచున మాత్రం ధార పడుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 110 లీటర్ల నీరు దిగుతుంది. కప్పు ఒకవైపుకే వాలి ఉంటే ఆ నీరంతా ఒకే గీత మీద పడుతుంది. ఆ గీత మీద నాటిన మొక్క జూలైలో వేళ్ళు బయటపడి వంగిపోతుంది. గీతకూ గోడకూ మధ్య నాటినది అదే జూలైలో నీరు లేక వాడుతుంది. చూరు గీతకు అవతల అడుగు దూరాన నాటితే రెండు బాధలూ తప్పుతాయి. చూరుకు తొట్టికాలువ బిగించి నీటిని పక్కకు తీసుకుపోతే ఇంకా మంచిది.

నల్లరేగడిలో కట్టిన గదులకు మరో జాగ్రత్త కావాలి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళు ఇస్తుంది. తోటగదులకు పునాది లోతు తక్కువ. గోడ మొదట్లోనే పాదు చేసి రోజూ నీళ్ళు నిలబెడితే ఒకవైపు నేల ఉబ్బి, మరోవైపు ఎండి ఉండి గోడ బీటలు వేస్తుంది. తడి ఆకుచెత్త గోడకు ఆనుకొని ఉంటే చెదలు దాని చాటున పైకెక్కి తలుపు చట్రాన్ని పట్టుకుంటాయి. అందుకని పాదు ఎప్పుడూ గోడకు ఎడంగానే ఉండాలి.

నాలుగు గోడలు, నాలుగు వాతావరణాలు

ఇంగ్లండు, అమెరికా తోటల పుస్తకాలు చెప్పే దిక్కుల సూత్రాలు మన దగ్గర తలకిందులవుతాయి. చలి దేశాల్లో దక్షిణ గోడ వెచ్చనిది, అందరూ కోరేది. ఉత్తర గోడకు ఎండే తగలదంటారు. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీల ఉత్తరం. అక్కడ ఏటా మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మధ్యాహ్నం వేళ ఆకాశంలో కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అంటే మే, జూన్ నెలల్లో ఎండ తగిలేది ఉత్తర గోడకు, నీడలో ఉండేది దక్షిణ గోడ. డిసెంబరు 22 నాటికి అదే సూర్యుడు మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, పది అడుగుల గోడ ఉత్తరం వైపు దాదాపు ఎనిమిదిన్నర అడుగుల నీడ పరుస్తుంది.

దీన్నిబట్టి దక్షిణ గోడకు మన తోటల్లో రావాల్సినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి. చలికాలమంతా నిండా ఎండ, నడివేసవిలో మధ్యాహ్నపు నీడ. మందారానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఉత్తర గోడ పక్కన నవంబరు నుంచి జనవరి దాకా ఎండ రాదు, అదే గోడకు మే, జూన్ ఎండ తగులుతుంది. నీడకూ ఎండకూ తట్టుకునే నందివర్ధనం లాంటివే అక్కడ నిలుస్తాయి. తూర్పు గోడకు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ దొరుకుతాయి. గంధరాజం, నూరువరహాలు, కనకాంబరం, కామిని అక్కడ సుఖంగా ఉంటాయి.

పడమటి గోడ కథ వేరు. ఏప్రిల్, మే నెలల్లో రెండు గంటల నుంచి పొద్దుగూకే దాకా ఎండ సూటిగా తగిలి, ఇటుక ఆ వేడిని పట్టుకొని చీకటి పడ్డాక కూడా వదులుతూ ఉంటుంది. రేకులైతే ఎండ తిరిగి ఆకుల మీదికి కొడుతుంది. నిజానికి పొద అవసరం ఎక్కువగా ఉన్న గోడ ఇదే, గది లోపల వేడి తగ్గాలంటే పడమట నీడ కావాలి. అక్కడ గంధరాజం నాటితే ఒక్క వేసవిలో ఆకులు మాడతాయి. గన్నేరు, కాగితంపూలు, వాక్కాయ మాత్రమే ధైర్యంగా నాటదగినవి. ఏసీ బయటి యూనిట్ ఉన్న గోడ ఏ దిక్కున ఉన్నా పడమటి గోడగానే లెక్కవేసుకోవాలి, దాని వేడిగాలి నేరుగా తగిలే చోట ఏ పొదా పెరగదు.

ప్రధాన జాతులు

మందారం తెలుగువారి పెరటి పొదల్లో మొదటిది. శాస్త్రనామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. నీరు, ఎండ ఉంటే ఏడాదంతా పూస్తుంది, ఒక్కో పువ్వు సాధారణంగా ఒక్క రోజే ఉంటుంది. పూలు కొత్త చిగుళ్ళ మీదే వస్తాయి కాబట్టి కత్తిరింపుకు భయపడనక్కర్లేదు, పైగా కత్తిరించకపోతే పొద అడుగున బోడిగా, పైన మాత్రమే గుబురుగా తయారై గోడ కింది సగాన్ని వదిలేస్తుంది. గోడను కప్పడానికి నాటు ఎర్రమందారమే ఉత్తమం. రంగురంగుల హైబ్రిడ్ల పూలు పెద్దవే గానీ పెరుగుదల నెమ్మది, ఎండాకాలం మొగ్గలు రాల్చడమూ ఎక్కువ. దీనికి ప్రధాన శత్రువు పిండినల్లి. చిగురు ముడుచుకుపోయి, కణుపుల దగ్గర తెల్లని దూది అంటుకొని, కొమ్మ వెంట చీమలు బారులు తీరితే అది పిండినల్లే. చూరు కింద వాన తగలని కొమ్మల మీద ఇది ముందు కనిపిస్తుంది. ముడుచుకున్న చిగుళ్ళను తుంచి తీసేయడం, పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బునీటితో కలిపి చల్లడం, ఈ క్రమంలో చేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది.

నందివర్ధనం (టాబర్నెమోంటానా డైవారికేటా) నీడకు ఓర్చుకునే పొదల్లో మేలైనది. రేక, ముద్ద రకాలు రెండూ దొరుకుతాయి. ముదురాకుపచ్చ ఆకు, తెల్లని పువ్వు, చీకటి పడ్డాక సన్నని పరిమళం. ఆరడుగుల ఎత్తులో సులువుగా నిలుపుకోవచ్చు. తోటగది ఉత్తర గోడకు ఒకే పొద నాటాలంటే ఇదే నాటాలి. వానాకాలంలో ఒక పొద్దున చూస్తే కొమ్మలు కొన్ని ఈనెలతో సహా ఖాళీగా, కింద నేల మీద మిరియాల పరిమాణంలో నల్లని రెట్టలు కనిపిస్తాయి. ఆకుల మధ్య వెతికితే వేలంత లావు పచ్చని గొంగళిపురుగు దొరుకుతుంది, తల వెనక రెండు నీలి కళ్ళ మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. అది డాఫ్నిస్ నెరియై అనే చిమ్మటది. గన్నేరునూ తింటుంది, నందివర్ధనాన్నీ తింటుంది. రెండు మూడు పురుగులను చేత్తో ఏరి తీసేస్తే చాలు, మందు కొట్టాల్సిన పని లేదు. మొక్క నెల రోజుల్లో మళ్ళీ ఆకు తొడుగుతుంది. ఆ చిమ్మట పచ్చ, గులాబి వర్ణాలు కలిసిన పాలరాతి చారల రెక్కలతో ఎంతో అందంగా ఉంటుంది. ఒకటి రెండు పురుగులను వదిలేసినా నష్టం లేదు.

నూరువరహాలను నర్సరీల్లో ఇక్సోరా అంటారు. ఇక్సోరా కాక్సీనియా దక్షిణ భారతానికీ, శ్రీలంకకూ సొంత మొక్క. ఎర్రని, నారింజ, పసుపు గుత్తులు వారాల తరబడి వాడకుండా ఉంటాయి. ఆమ్లగుణం ఉన్న నేల దీనికి ఇష్టం. ఒండ్రు, పుష్కలంగా నీరు ఉన్న కోనసీమ పెరళ్ళలో ఇది నిండా పూస్తుంది. సున్నపు నేలలో దీని అవస్థ పైన చెప్పిందే. గోడ పక్కనే కావాలనుకుంటే రెండడుగుల లోతు మట్టి తీసేసి కొత్త ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు నింపాలి. లేదా పెద్ద కుండీలో పెంచి గోడ దగ్గర పెట్టాలి. గుత్తులు కొమ్మ చివరల్లో వస్తాయి, కాబట్టి నెలకోసారి కత్తెరతో చదరంగా కోస్తే మొగ్గలన్నీ పోతాయి. పార్కుల్లో ఇక్సోరా కంచెలు ఆకుతోనే ఉండి పూలు కనబడకపోవడానికి కారణం అదే. గంధరాజం కోరికలూ ఇలాంటివే, దానికి మధ్యాహ్నపు నీడ కూడా కావాలి. దాని పరిమళం కోసం ఆ కష్టం పడవచ్చు, అది కూడా తూర్పు గోడ ఉంటేనే.

గన్నేరు (నీరియం ఒలియాండర్) ఎండకు, ఉప్పుగాలికి, నీటి ఎద్దడికి, క్షార నేలకు తట్టుకుంటుంది. జాతీయ రహదారుల మధ్య డివైడర్లలో ఎవరూ పట్టించుకోకపోయినా పూస్తూ కనిపించేది అందుకే. తీరంలోని తోటలకు, పడమటి గోడలకు సాంకేతికంగా ఇంతకంటే తగిన పొద లేదు. అయినా దాన్ని అందరికీ సిఫార్సు చేయలేం. ఆకు, కొమ్మ, పువ్వు, వేరు అన్నీ విషమే. ఒలియాండ్రిన్ వంటి పదార్థాలు గుండె లయను దెబ్బతీస్తాయి. ఎండిన ఆకులోనూ విషం పోదు, కత్తిరించిన కొమ్మలు కాల్చితే పొగ కూడా హానికరం. పశువుల కొట్టం దగ్గర గన్నేరు నాటడం ఏ పరిస్థితిలోనూ తగదు. కత్తిరించి పడేసిన కొమ్మను ఆకలితో ఉన్న గేదె నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పచ్చగన్నేరు (కాస్కబెలా తెవెటియా) మరీ ప్రమాదం. గన్నేరు పప్పు అంటే ఊళ్ళో అందరికీ తెలిసిన విషం, అది ఈ చెట్టు కాయలోదే. చిన్నపిల్లలు ఆడుకునే తోటలో ఈ రెంటికీ చోటివ్వకపోవడం మంచిది. వాటి బదులు పడమటి గోడకు వాక్కాయ ఉంది.

వాక్కాయను (కారిస్సా కారండాస్) పూల పొదగా ఎవరూ లెక్కపెట్టకపోవడం అన్యాయం. నిగనిగలాడే ఆకు, మల్లెలాంటి తెల్లని చుక్కపూలు, సన్నని వాసన, వానాకాలంలో పప్పులోకీ పచ్చడిలోకీ కాయలు. ఒకసారి వేళ్ళు పట్టాక వేసవిలోనూ పెద్దగా నీళ్ళు అడగదు. గట్టి ముళ్ళుంటాయి కాబట్టి నడిచే దారి పక్కన పనికిరాదు. ఊరికి దూరంగా ఉన్న పంపు షెడ్డు వెనక, కిటికీ కింద నాటితే ఆ ముళ్ళే కాపలా కాస్తాయి. ఇలాంటి మరో స్థానిక పొద అల్లి (మెమెసైలాన్). శ్రీహరికోట వైపు తీరంలో మిగిలి ఉన్న శుష్క సతత హరిత అడవుల్లో ఇది సహజంగా పెరుగుతుంది. కొమ్మల పొడవునా అంటుకొని పూసే నీలి ఊదా రంగు పూలు మరే పెరటి మొక్కకూ లేవు. పెరుగుదల చాలా నెమ్మది, నర్సరీల్లో దొరకడం కష్టం. ఓపిక ఉన్నవారికి విత్తనం నుంచి పెంచదగిన మొక్క.

కామిని (ముర్రయా పానికులేటా) నిమ్మ కుటుంబానిది. మంచి వాన పడ్డ కొన్నాళ్ళకు పొదంతా ఒక్కసారిగా తెల్లగా పూసి, ఆ పూత రాలిపోయి, మళ్ళీ తర్వాతి వానకు పూస్తుంది. మండపం పక్కన నాటడానికి చక్కని పొద. అయితే నిమ్మ జాతి తోటల్లో గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లా పురుగుకు కామిని ఇష్టమైన ఆవాసం. నల్లగొండ, అనంతపురం వైపు బత్తాయి తోటల్లో షెడ్డు పక్కన అందం కోసం కామిని నాటడమంటే తెగులుకు తోటలోనే వసతి ఏర్పాటు చేయడం. బత్తాయి, నిమ్మ రైతులు దాని జోలికి పోకూడదు. కరివేపాకు కూడా ఆ పురుగుకు ఆశ్రయమే కాబట్టి, దాన్ని కూడా తోట మధ్య కాక ఇంటి దగ్గరే ఉంచుకోవాలి.

కాగితంపూలు (బోగన్‌విల్లియా) దక్షిణ అమెరికా మొక్క. ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ 1766–69 మధ్య చేసిన ప్రపంచ యాత్రలో వెంట ఉన్న వృక్షశాస్త్రవేత్త కొమర్సన్ దీన్ని బ్రెజిల్‌లో సేకరించాడు. రంగుగా కనిపించేవి పూరేకులు కావు, పుష్పపుచ్ఛాలు. అసలు పువ్వు వాటి మధ్య చిన్న తెల్లని గొట్టం. నీరు తగ్గించిన కొద్దీ ఎక్కువ పూస్తుంది, ఎక్కువ పెడితే ఆకే పెడుతుంది. ఎండాకాలం కొంత ఆకు రాల్చినా రంగు లోటు తెలియనివ్వదు. రేకుల కప్పు మీదికి ఎక్కనిస్తే మాత్రం బరువుకీ, కింద చేరే చెత్తకీ కప్పు పాడవుతుంది.

కిటికీల కింద రెండు మూడు అడుగులకు మించని పొదలు కావాలి. కనకాంబరం, చలికాలంలో పూసే డిసెంబరు పూలు, మరుగుజ్జు ఇక్సోరా అక్కడికి సరిపోతాయి. కనకాంబరం గింజకాయలు తడి తగలగానే పగిలి గింజలు ఎగరజిమ్ముతాయి, అందుకే వానల తర్వాత గోడ పొడవునా పిల్లమొక్కలు మొలుస్తాయి. తేనెపిట్టలు రావాలంటే హమీలియా నాటాలి, నారింజ ఎరుపు గొట్టపు పూల కోసం అవి పొద్దున్నే చేరతాయి. రంగుల పేరుతో అమ్మే పులికంప, అంటే లాంటానా, ఎంత పూసినా నాటకూడదు. పిట్టలు దాని పండ్లు తిని గింజలను పొలాలకు, అడవులకు చేరుస్తాయి. దేశమంతటా అడవుల్లో అది చేసిన నష్టం చాలు.

వాసన, పాముల భయం

రేరాణి (సెస్ట్రమ్ నాక్టర్నమ్) రాత్రిపూట ఇచ్చే ఘాటైన వాసన దూరం నుంచి హాయిగా ఉంటుంది. పడుకునే గది కిటికీ పక్కన పెడితే కొందరికి తలనొప్పి తెస్తుంది. దాన్ని గదికి పది పదిహేను అడుగుల దూరంలో నాటడం మంచిది. సువాసన పూల పొదలకు పాములు వస్తాయన్న నమ్మకం ఊళ్ళలో గట్టిగా ఉంది. పాము పూల వాసనకు రాదు. గోడకూ పొదకూ మధ్య పేరుకున్న ఎండాకు, పాత ఇటుకలు, పగిలిన కుండీల మధ్య ఎలుకలు, కప్పలు చేరతాయి, వాటి కోసం వస్తుంది. పొద అడుగు నుంచి జానెడున్నర ఎత్తు దాకా కొమ్మలు తీసేసి నేల కనబడేలా ఉంచితే, చీకట్లో మోటారు స్విచ్ వేయడానికి వెళ్ళే మనిషికి పాము ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది.

దూరం, నాటడం, కత్తిరింపు

పొద పూర్తిగా పెరిగాక ఎంత వెడల్పు అవుతుందో చూసి అందులో సగానికి అడుగున్నర కలిపితే, గోడకు ఎంత దూరాన నాటాలో తెలుస్తుంది. ఆరడుగులు విస్తరించే మందారాన్ని గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో నాటాలి. నాటిన రోజున ఆ ఖాళీ అతిగా అనిపిస్తుంది, మూడేళ్ళకు సరిగ్గా అడుగున్నర సందు మిగులుతుంది. సున్నం కొట్టే మనిషి నిచ్చెన వేసుకోవాలన్నా, గోడకు గాలి తగిలి చెమ్మ ఆరాలన్నా, పూలు రెండు వైపుల నుంచీ కోసుకోవాలన్నా ఆ సందు కావాలి. మోటారు స్టార్టర్ పెట్టె, మీటరు ఎదుట అసలు నాటకూడదు.

పొద బదులు చెట్టు నాటితే నీడ ఎక్కువ వస్తుందనే ఆలోచన సహజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో, చుట్టుపక్కల అసంఖ్యాకంగా చెట్లు కూలాయి. తేలికపాటి రేకుల గది పక్కన, తుపాను దారిలో ఉన్న తీరంలో, పది అడుగులు దాటని పొదే క్షేమం.

నాటడానికి మంచి అదను తొలకరి తర్వాత, నేల లోతుగా తడిశాక. గుంత రెండడుగుల లోతు, అంతే వెడల్పు. తీసిన మట్టిలోంచి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ఏరి పారేయాలి, మిగిలిన మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. మొదటి వేసవి దాటడం అసలు పరీక్ష. ఆ ఏడాది వారానికి రెండు సార్లు లోతుగా నీళ్ళు పెడితే, తర్వాతి ఏడాది వారానికి ఒకసారి సరిపోతుంది. రోజూ కాసిని చల్లితే వేళ్ళు పైపైనే తిరుగుతాయి.

కత్తిరింపులో పాటించాల్సినది, గోడ వైపు కొమ్మలను ముందు తీయడం. చాలామంది కనబడే ముందు వైపే కోస్తారు, వెనక కొమ్మలు గోడను రాసుకుంటూ పూతను గీరేస్తాయి. మందారం, గన్నేరు, హమీలియాలను చలి తగ్గాక మూడో వంతు దాకా కోయవచ్చు. నందివర్ధనానికి దారి తప్పిన కొమ్మలు తీస్తే సరిపోతుంది.

మొక్కల కొనుగోలు

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీల నుంచి ఈ పొదలన్నీ లారీల మీద రెండు రాష్ట్రాలకూ, దేశంలోని ఇతర ప్రాంతాలకూ వెళ్తాయి. గోదావరి ఒండ్రు నేల, సమృద్ధిగా నీరు ఉన్న చోట పెరిగిన మొక్క తెలంగాణ చల్కా నేలలోకి వచ్చినప్పుడు తేడా తట్టుకోవడానికి సమయం పడుతుంది. సంచిలోని బంకమట్టి ముద్ద చుట్టూ ఇసుక పాలు ఎక్కువున్న నేల ఉంటే, పోసిన నీరు ముద్దలోకి ఇంకకుండా పక్కనుంచి జారిపోతుంది. నాటేముందు సంచిని నీటిలో నానబెట్టి, ముద్ద బయటి పొరను వేళ్ళు తెగకుండా కొంచెం వదులు చేస్తే ఈ బాధ తగ్గుతుంది. సంచి అడుగున వేళ్ళు చుట్టలు తిరిగి ఉన్న మొక్కను తీసుకోకూడదు. ఐదడుగుల ఎత్తున్న ఒంటి కొమ్మ మొక్క కంటే, రెండడుగులుండి మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు వేసిన మొక్క గోడను త్వరగా కప్పుతుంది. ధరలో కూడా చవక.

ఇతర శీతోష్ణాల్లో

సమశీతోష్ణ దేశాల్లో ఈ స్థానాన్ని కెమెలియా, రోడోడెండ్రాన్, మహోనియా, చాయిస్యా వంటి పొదలు ఆక్రమించాయి. కెమెలియా తేయాకు మొక్కకు దగ్గరి బంధువు, నూరువరహాలలాగే ఆమ్లనేలనే కోరుతుంది. ఇంగ్లండులో దాన్ని తూర్పు గోడకు నాటవద్దంటారు. రాత్రి మంచుకు గడ్డకట్టిన మొగ్గ పొద్దుటి ఎండకు ఒక్కసారిగా కరిగి పాడవుతుంది కాబట్టి. మనకు నూరువరహాలకూ గంధరాజానికీ మంచిదైన గోడ వారికి ఆ మొక్క విషయంలో చెడ్డది.

తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో, హ్యూస్టన్‌కు ఆగ్నేయాన సముద్రతీరంలో గాల్వెస్టన్ నగరం గన్నేరు నగరంగా పేరు పొందింది. 1841లో జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వర్తకుడు జమైకా నుంచి తెచ్చిన మొక్కలతో అక్కడ గన్నేరు పెంపకం మొదలైంది. ఆ తీరప్రాంతంలో గంధరాజం, గన్నేరు, కాగితంపూలు నేలలోనే పెరుగుతాయి, అరుదుగా వచ్చే గట్టి మంచుకు కొమ్మలు చచ్చినా గన్నేరు మొదలు నుంచి తిరిగి చిగురిస్తుంది. బ్రిటన్‌లోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ మన మందారాన్ని తోటగది పక్కన నేలలో నాటితే మొదటి చలికాలమే చివరిదవుతుంది. అక్కడ దాన్ని కుండీలో పెంచి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగకముందే ఎండ వచ్చే కిటికీ దగ్గరికి లోపలికి చేర్చాలి. నీరు బాగా తగ్గించి వసంతం దాకా ఉంచి, మంచు భయం పూర్తిగా పోయాక మళ్ళీ బయట పెట్టాలి. బయట పెట్టిన మొదటి వారం నీడలోనే ఉంచాలి, లేకపోతే కిటికీ వెలుతురుకు అలవాటుపడ్డ ఆకులు తెల్లబడి మాడతాయి.